ఆ ఏడాది తెరిచే ఉన్న పొగగొట్టం

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఈ మధ్య నన్ను చూడటానికి వచ్చారు. పాత ఉద్యోగులను కలిసి అనుభవాలు తెలుసుకోమని వాళ్లకు ఎవరో చెప్పారట. చాయ్ తాగుతూ, "మీరు ఏం పని చూసేవాళ్లు మేడం?" అని ఒకబ్బాయి అడిగాడు. "పొగగొట్టాలు ఊడ్పించేదాన్ని" అన్నాను. మర్యాదస్తులు కాబట్టి ముగ్గురు నవ్వు ఆపుకున్నారు. నాలుగో పిల్ల ఆపుకోలేకపోయింది. నాకు ఆ పిల్లే నచ్చింది. ఇది ఆ పిల్ల కోసం రాస్తున్నాను. మిగతా ముగ్గురూ చదివినా నాకేం అభ్యంతరం లేదు.

మాది కల్లూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. నాకు మొదటి పోస్టింగ్ బూర్గంపాడులో ఇచ్చారు. అక్కడి నుంచి అడవి అంచున ఉన్న గూడేలకు తిరగాలి. అప్పటికి ఆ ఊళ్లకు గ్యాస్ సిలిండర్లు రాలేదు. వంటంతా కట్టెల మీదే. మూడు రాళ్ల పొయ్యి తీసేసి, దాని స్థానంలో మట్టితో రెండు కళ్ల పొయ్యి కట్టించి, వెనక నుంచి సిమెంటు గొట్టం పెట్టి పొగను కప్పు దాటించాలి. దాన్ని పొగరాని పొయ్యి అనేవాళ్లం. పొయ్యికి పొగ రాకుండా ఎలా ఉంటుంది, పొగ బయటికి పోతుంది, అంతే.

కట్టించడం రెండు రోజుల పని. దాన్ని కాపాడించడమే నా ఉద్యోగం. నెలకొకసారి, పొయ్యి చల్లారి ఉన్నప్పుడు, గొట్టం పైనున్న రేకు టోపీ తీసి, పొడుగాటి వెదురు కర్రకు గోనెగుడ్డ చుట్టి పై నుంచి కిందికి దోపాలి. కింద రాలిన మసిని పొయ్యి వెనకున్న చిన్న కంతలోంచి లాగేయాలి. గొట్టం ముక్కలు కలిసే చోట పగుళ్లు కనిపిస్తే పుట్టమన్నూ పేడా కలిపి మెత్తాలి. కప్పు మీది గడ్డికీ గొట్టానికీ మధ్య జానెడు ఎడం ఉండాలి, ఆ ఎడంలో రేకు ఉండాలి. ఇవన్నీ చేస్తున్నారా లేదా అని నెలనెలా ఇల్లిల్లూ తిరిగి చూసి రిజిస్టరులో రాసుకోవాలి.

ఈ పనిలో నేను కొంచెం కటువుగా ఉండేదాన్ని. కొంచెం అని నేను అంటున్నాను, ఊళ్లో వాళ్లనడిగితే వేరే మాట చెబుతారు. దానికో కారణం ఉంది. నేను చేరిన మొదటి ఎండాకాలంలోనే ఒక ఊళ్లో మసి పేరుకున్న గొట్టం లోపల అంటుకుంది. పక్కనే గడ్డి కప్పు. మనుషులు బయట ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఇల్లు మాత్రం నల్లటి నిట్రాళ్లుగా మిగిలింది. ఆ గొట్టం నేను పెట్టించిందే. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు కప్పు వైపు చూసేదాన్ని, తర్వాతే మనిషిని పలకరించేదాన్ని. ఆ అలవాటు చూసే నాకు 'పొగమేడం' అని పేరు పెట్టారు. చిన్నపిల్లలు నేను రావడం చూసి ముందే కేకేసి చెప్పేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఎవరైనా నా అసలు పేరుతో పిలిస్తే నేనే తిరిగి చూసేదాన్ని కాదు.

మా మేస్త్రీ గురించి చెప్పాలి. కూసుమంచి మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నోట్లో ఖైనీ, చేతిలో తాపీ. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదిలో అయిదు "సిమెంటు తక్కువున్నది మేడం" అనే అర్థం వచ్చేవే. కానీ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆయన కళ్లు దూలం నుంచి గడప దాకా అన్నీ చూసేవి. నేను గొట్టం ఎక్కడ పెట్టాలా అని చూస్తే, ఆయన ఆ ఇంట్లో మనుషులు ఎక్కడ పడుకుంటారు, ఏ మూలన ఏం దాచుకుంటారు అన్నీ చూసుకునేవాడు. చూసినవన్నీ చెప్పేవాడు కాదు, అదొక్కటే ఆయనతో చిక్కు.

నేను చెప్పబోయే ఇల్లు అడవిని ఆనుకుని ఉన్న ఒక కోయగూడెంలో ఉంది. ఇంట్లో ఒక పెద్దామె, ఆమె కొడుకు, కోడలు. కొడుకు మిర్చి తోటలకు కూలికి పోయేవాడు. కోడలికి పాతికేళ్లుంటాయేమో. మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఆ పిల్ల పొయ్యి ముందు ఒక చేత్తో గుంజ పట్టుకుని దగ్గుతోంది. దగ్గు ఆగాక కూడా చాలాసేపు ఊపిరి అందలేదు. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తే, పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడట. పొయ్యి దగ్గరికి పోకుండా ఆ ఇంటి కోడలు ఎలా బతకాలో మాత్రం చెప్పలేదు. పెద్దామెకు చూపు సన్నగిల్లింది, వంట ఆమె వల్ల కాదు.

ఊరంతా పొయ్యిల గురించి నా ఉపన్యాసం విని ఎవరి దారిన వాళ్లు పోతుంటే, ఈ పెద్దామె ఒక్కతే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మా ఇంట్ల ముందు కట్టు బిడ్డా."

"తప్పకుండా కడతాం అవ్వా. అందరికీ కడతాం."

"అందరికి ఎన్కకు కడుదువు. మా ఇంట్ల ముందు."

నా ఉపన్యాసం అంత బాగా పనిచేసిందని నేను మురిసిపోయాను. ఆ రోజుల్లో మురిసిపోవడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు.

ఆ ఇంట్లో పొయ్యికి సరిగ్గా పైన, మనిషి ఎత్తుకంటే కొంచెం పైగా, వెదురు అటక ఉంది. దాని నిండా మక్క కంకులు, జొన్న కంకులు, గింజలు పోసి మూతి కట్టిన ఎండు సొరబుర్రలు వేలాడుతున్నాయి. అన్నీ పొగచూరి నల్లగా మెరుస్తున్నాయి. నాకు అవి చూడగానే కాలిన ఇల్లు గుర్తొచ్చింది. గొట్టం పక్కన ఎండు కంకులా! ఇంకేమైనా ఉందా! అటక తీసేసి, సామాను గది అవతలి మూలకు మార్చమని చెప్పాను.

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. "గీ అటక తీస్తే గింజలు యాడ పెట్టుకుంటరు మేడం?"

"ఆ మూలన పెట్టుకుంటారు. ఇల్లంతా ఖాళీయే కదా."

"పెట్టుకుంటరు గని..."

"మీ 'గని' తర్వాత చెబుదురు గానీ, ముందు రేకు కొలవండి మేస్త్రీ గారూ."

ఆయన రేకు కొలిచాడు. ఆ 'గని' తర్వాత ఏముందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అటక దించేటప్పుడు పెద్దామె ఒక్కొక్క బుర్రనూ తనే అందుకుని, మూలన గోడకు తగిలించుకుంది. కోడలు కొత్త పొయ్యి ముట్టించి అన్నం వండింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. పెద్దామె ఆ పిల్ల ముఖమే చూస్తూ కూర్చుంది తప్ప పొయ్యి వైపు చూడలేదు.

ఆ ఏడాది ఆ గూడెంలో దాదాపు అన్ని ఇళ్లకూ పొయ్యిలు కట్టాం. వానాకాలం బాగానే గడిచింది. పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యాక గొడవ మొదలైంది. ఏ ఇంటికి వెళ్లినా గొట్టం మూసి ఉంది. ఒకచోట పాత చీర ముక్క కుక్కారు. ఒకచోట కప్పు మీదికెక్కి గొట్టానికి కుండ బోర్లించారు. ఇంకోచోట గొట్టం అడుగు ముక్క పీకి గోడకు చేరవేసి, పొగంతా ఇంట్లోకే వదులుకుని, పాత పద్ధతిలో కళ్లు నులుముకుంటూ వండుకుంటున్నారు. అటకలు మళ్లీ పొయ్యిల పైకి వచ్చేశాయి.

పెద్దామె ఇంటి పక్కింటావిడతో నాకు ప్రతి నెలా ఒక యుద్ధం.

"ఏంటిది?" అని గొట్టంలోంచి గుడ్డ లాగి చూపించాను.

"గుడ్డ."

"గుడ్డని నాకూ కనిపిస్తోంది. గొట్టంలో ఎందుకుంది?"

"సలి పెడుతుంది మేడం."

మరుసటి నెల, ఎలుకలు దూరుతున్నాయంది. ఆ తర్వాతి నెల, "మా ఆయిన పెట్టిండు గావొచ్చు, నాకెరుకలేదు" అంది. ఆ ఆయన అక్కడే కూర్చుని బాణం చెక్కుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఎందుకు మూశారని నేను ప్రతిసారీ అడిగిన మాట నిజమే. కానీ అడిగిన తీరులో తిట్టే ఉంది తప్ప ప్రశ్న లేదు. తిట్టుకు ఎవరైనా నిజం చెబుతారా? ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారు. నేను రిజిస్టరులో ఆ ఇళ్లకు ఎదురుగా 'సహకరించుట లేదు' అని వరసగా రాసుకుంటూ పోయాను.

పెద్దామె ఇల్లొక్కటే తేడా. ఎప్పుడు వెళ్లినా గొట్టం తెరిచే ఉండేది. మసి లేదు, పగుళ్లు లేవు, గడ్డికీ గొట్టానికీ ఎడం ఉంది. కోడలు నెలనెలా తనే నిచ్చెన వేసుకుని ఊడ్చేది. ఆ పిల్ల బుగ్గలు నిండాయి, మాట మధ్యలో ఆగడం పోయింది. జీపులో మా సారు తనిఖీకి వస్తే నేరుగా ఆ ఇంటికే తీసుకెళ్లాను. పొయ్యి ముందు కోడలిని కూర్చోబెట్టి, పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీశారు. మీటింగులో సారు అందరి ముందూ, "ఒక్క ఇల్లు మారితే చాలు, ఊరు అదే మారుతుంది" అన్నారు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆ ఇల్లు మార్చింది నేనే కదా!

వేసవి పోయి తొలకరి పడింది. పెద్దామె కొడుకు బూర్గంపాడు దాకా వచ్చి, మా అమ్మ రమ్మన్నదని విత్తనాల పండుగకు పిలిచాడు. అంతవరకూ ఆ ఊరు నన్ను పనికి పిలవలేదు, పండుగకూ పిలవలేదు. మేస్త్రీని కూడా వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లాను.

పండుగ పద్ధతి నాకు దారిలో ఆ కొడుకే చెప్పాడు. దుక్కిలో ఒక్క గింజ పడేముందు, ప్రతి ఇంటి వాళ్లూ తమ విత్తనంలోంచి కొంత ఆకు దొప్పలో పోసుకుని దేవర దగ్గరికి తేవాలి. ఊరి పూజారి అన్ని ఇళ్ల విత్తనాలూ ఒకటిగా కలిపి, మొక్కి, మళ్లీ ఇంటింటికీ పిడికెడు పంచుతాడు. అది తీసుకెళ్లి తమ విత్తనంలో కలుపుకున్నాకే ఎవరైనా చల్లాలి. తెచ్చే విత్తనం ఇంట్లో పండి ఇంట్లో దాచినదై ఉండాలి. దుకాణంలో కొన్న గింజ దానికి పనికిరాదు.

మేము ఇంటికి చేరేసరికి కోడలు బెల్లం చాయ్ ఇచ్చింది. పెద్దామె మూలనున్న సొరబుర్రలు దించి వసారాలోకి తెచ్చింది. చేట ముందు పెట్టుకుని, ఒక బుర్ర మూతికున్న ఆకు విప్పి వంచింది.

జొన్న గింజలు దొర్లుతూ పడాలి. పడలేదు. పిండి రాలింది. బూడిద రంగు పిండి, దానిలో ఉత్త పొట్టు గింజలు, వాటి మధ్య ముక్కపురుగులు వెలుతురు చూసి నాలుగు దిక్కులకూ పాకాయి. ఆమె రెండో బుర్ర వంచింది. కందులు. గింజకో కంత. మూడోది బొబ్బర్లు, అవి చేత్తో నొక్కితే నలిగిపోయాయి. మక్క కంకులు తెచ్చి దులిపితే వసారా అంతా దుమ్ము లేచింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను. నోట్లోంచి మా ఊరి మాటే వచ్చేసింది.

పెద్దామె తల ఎత్తలేదు. "పురుగు పట్టింది బిడ్డా."

"ఎందుకు పట్టింది? ప్రతి ఏడూ ఇంతేనా?"

జవాబు నా వెనక నుంచి మేస్త్రీ చెప్పాడు. "పొగ లేదు గద మేడం. పంట ఇంటికొచ్చినకాన్నుంచి తొలకరి దాక దినాం పొగ తగిలితేనే పురుగు రాదు. మా అమ్మమ్మ గూడ పొయ్యి మీదనే కట్టేది. గదే అడుగుదామనుకున్న, అటక తీసిన దినం."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. నేను నెలనెలా పీకి పారేసిన గుడ్డలన్నీ, బోర్లించిన కుండలన్నీ, చలి అనీ ఎలుకలనీ వాళ్లు చెప్పినవన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఊరంతా తమ విత్తనం కాపాడుకోవడానికి నాతో అబద్ధాలాడింది. నా మాట విన్న ఒక్క ఇల్లు నా ముందు చేటలో పిండిగా పడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసరు అన్న మనిషి ఏడవకూడదని ఆపుకోలేదు, చీర కొంగుతో తుడుచుకున్నాను. పెద్దామె చూసి, చేట కొంచెం నా వైపు జరిపింది.

"కూసో. నీ కండ్లు మంచిగున్నయి. ఏరు."

ఇద్దరం కూర్చుని ఏరాం. కంత లేని గింజ, పొట్టు కాని గింజ, ఒక్కొక్కటి. కోడలు కూడా వచ్చి కూర్చోబోతే, దుమ్ముకు దగ్గొస్తుందని పెద్దామె కసిరి లేపింది. దాదాపు గంటసేపు ఏరితే, బుర్రల్లోంచీ కంకుల్లోంచీ కలిపి ఒక దొప్పలో సగం వచ్చింది. దేవరకు ఇవ్వడానికి అది సరిపోతుంది. పొలంలో చల్లడానికి ఏమీ లేదు. కొండవాలున వేసే ఆ పొట్టి జొన్న భద్రాచలం దుకాణాల్లో దొరికేది కాదు. ఆ ఏడాది ఆ ఇంటి తిండి ఆ గింజల్లోనే ఉండింది.

దేవర దగ్గర అందరూ చేరారు. పూజారి ఒక్కో ఇంటినీ పిలుస్తుంటే ఒక్కొక్కరూ దొప్ప తెచ్చి ఎదురుగా పరిచిన చాప మీద పోస్తున్నారు. జొన్నలు, కందులు, మక్కలు, పొగచూరిన నల్లటి గట్టి గింజలు. పెద్దామె వంతు వచ్చింది. దొప్పను ఇంకో ఆకుతో కప్పుకుని తెచ్చింది. ఆకు తీసి పోసింది. పూజారి ముసలాయన ఆ సగం దొప్ప గింజల వంక చూశాడు, ఆమె వంక చూశాడు, వెనక నిలబడ్డ నా వంక కూడా చూశాడు. ఏమీ అనకుండా చేత్తో మిగతా కుప్పలో కలిపేశాడు. ఆయన ఒక్క మాట అన్నా నాకు కొంత తేలికగా ఉండేది.

ఇంటింటికీ పిడికెడు పంచాక, పండుగ ఆనవాయితీ ప్రకారం మగవాళ్లు వేటకు బయల్దేరారు. ఆడవాళ్లు ఇళ్లకు మళ్లారు. నేను పెద్దామె వసారాలో తల వంచుకుని కూర్చున్నాను. మొదట వచ్చింది నాతో నెలనెలా యుద్ధం చేసిన పక్కింటావిడ. ఒక సొరబుర్ర తెచ్చి పెద్దామె చేటలో సగం వంచింది. గలగలమని పడ్డాయి. తర్వాత నా వైపు తిరిగింది.

"పొగమేడం, ఇవి మా పొగల ఎండిన గింజలు. పనికొస్తయా, రాసుకుంటవా?"

"పనికొస్తాయమ్మా" అన్నాను.

"గట్లయితే గుడ్డ ముచ్చట ఇడిసిపెడుదువా?"

"ఆ గుడ్డ మీ ఇంట్లోనే ఉంచుకో తల్లీ."

వసారా అంతా నవ్వింది, పెద్దామె కూడా నవ్వింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఎవరు జొన్నలు తెచ్చినా, ఎవరు కందులు తెచ్చినా, ఆ ముఖాలన్నీ నేను 'సహకరించుట లేదు' అని రాసిన ఇళ్లవే. సాయంత్రానికి చేట నిండింది. పొలానికి సరిపోయేటంత కాకపోయినా, సగం నేలకు వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేస్త్రీని అడిగాను. "ఆ రోజు గట్టిగా ఎందుకు చెప్పలేదు మేస్త్రీ గారూ?"

"మీరు అడగలే" అన్నాడు. ఖైనీ నలుపుకుంటూ, "నేను గూడ గట్టిగ చెప్పాల్సింది" అన్నాడు. ఆయన రోజువారీ పది మాటల్లో అవి చాలా ఖరీదైనవి.

పొగ మనిషికి తగలకూడదు, విత్తనానికి తగలాలి. వేరే పొయ్యి పెట్టి పొగబెడదామంటే, ఆర్నెల్లపాటు రోజూ రెట్టింపు కట్టెలు కావాలి, అవి మోసేది మళ్లీ ఆ కోడలే. మేస్త్రీ రెండు వారాలు ఆలోచించి, నేల మీద బొగ్గుతో బొమ్మ గీసి చూపించాడు. గొట్టాన్ని కప్పులోంచి కాకుండా గోడలోంచి బయటికి తీయాలి. ఇంటి వెనక గోడకు ఆనించి, వెదురు తడికెలకు మట్టి మెత్తి, పైన పెంకు కప్పి ఒక గూడు కట్టాలి. విత్తనం ఆ గూట్లో వేలాడాలి. గొట్టం పొగ అడుగున దూరి, విత్తనానికి తగిలి, పైన రెండో పక్క సందులోంచి పోవాలి. నిప్పురవ్వ పోకుండా గొట్టం మూతికి ఇనుప జాలీ.

పెద్దామెను అడిగితే, "ఈ గోడ కాడ మా సచ్చిపోయిన పెద్దలకు మొక్కుతం, దీన్ని ముట్టొద్దు. గా గోడకు కంత పెట్టుకో" అంది. ఈసారి కంత ఎక్కడ పెట్టాలో ఆమే వేలు పెట్టి చూపించాక తాపీ కదిపాం. మొదటిసారి కట్టింది పనిచేయలేదు. పొగ వెనక్కి తన్ని ఇల్లంతా కమ్మింది, కోడలు దగ్గుతూ బయటికి పరుగెత్తింది. మేస్త్రీ ముఖం మాడిపోయింది. గొట్టాన్ని ఏటవాలుగా లేపి, గూటి పై సందు పెద్దది చేశాడు. రెండోసారి కొంత నయం. మూడోసారి పొగ బుద్ధిగా గూట్లోకి ఎక్కి, పెంకుల కింద నుంచి సన్నగా బయటికి పోయింది. మా సారు, నక్షాలో ఇది లేదు కదా అన్నారు. కాగితాల్లో మరమ్మతు అని రాసుకున్నాం.

తర్వాత ఒక తమాషా జరిగింది. గొట్టంలో మసి పేరుకుంటే పొగ గూట్లోకి సరిగా ఎక్కదు, విత్తనానికి పురుగు పడుతుంది. జాలీ మూసుకుపోయినా అంతే. దాంతో నేను చెప్పకుండానే గొట్టాలు ఊడవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి గూడెంలో తొమ్మిది ఇళ్లకు గూళ్లు కట్టాం. పక్కింటావిడ నెలకు రెండుసార్లు ఊడ్చేది. నేను వెళ్తే, "జల్దీ వచ్చి సూడు మేడం, నీ మొకానికన్న మసి ఉంటది గని మా గొట్టంల ఉండది" అనేది. నేను ఉద్యోగంలో వాడిన నోరంతా చేయలేని పని, వాళ్ల విత్తనం చేయించింది. మరుసటి పండుగకు పెద్దామె దొప్ప ఆకు కప్పకుండా తెచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు నాకు బదిలీ అయింది. వీడ్కోలు చెప్పడానికి వెళ్లేసరికి పెద్దామె మంచంలో ఉంది, మనిషిని గుర్తుపట్టడం కష్టంగా ఉంది. చేయి పట్టుకుని కూర్చుని లేచాను. కోడలు నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. నా సంచి తనే మోస్తూ, ఆ ఎత్తుదారి ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆగి ఆగి నడిచింది నేనే. రోడ్డు మీద నిలబడ్డాక, "మేడం, మీకొక మాట చెప్పలే" అంది.

"చెప్పు."

"గా ఏడు పురుగు పట్టింది మాకు పండుగనాడు తెల్వలే. మాగమాసంలనే తెలిసింది. అత్త దినాం బుర్రలు ఇప్పి సూసేది. నాకు భయమై, మనం గూడ అందరి లెక్క గొట్టం మూద్దాం అత్తా అని గుడ్డ పట్టుకోని నిచ్చెన ఎక్కిన. అత్త వచ్చి నా కాలు పట్టుకున్నది. దిగేదాక ఇడువలే."

"ఏమంది?"

"విత్తనం అయితే ఊర్ల తలా పిడికెడు అడుక్కుందం. నీ ఊపిరి నేను ఎవల్ని అడగాలె అన్నది."

బస్సు వచ్చింది. ఆ పిల్ల సంచి లోపల పెట్టి దిగింది.

ఆ ఇంటి గొట్టం ఏడాదంతా తెరిచి ఉందంటే అది నా శిక్షణ ఫలితమని పై ఆఫీసుకు రాసి పంపింది నేనే, సంతకం కూడా నాదే. చేటలో పిండి చూసి ఏడ్చిన రోజున కూడా, పాపం ఆమె నా మాట నమ్మి మోసపోయిందనే అనుకున్నాను. ఆమె నన్ను నమ్మలేదు, నా ఉపన్యాసాన్నీ నమ్మలేదు. ఏం పోతుందో తెలిసే, రోజూ బుర్ర విప్పి అది పోవడం చూస్తూనే, గొట్టం తెరిచి ఉంచింది. ఆ రిపోర్టు తప్పని రాయడానికి మా ఫారాల్లో ఎక్కడా గడి లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.